ఆరని పచ్చచుక్క

వేణుమాధవ్ మూడోసారి టీ తెప్పించాడు. జవాబు ఎగ్గొట్టాలనుకున్నప్పుడల్లా ఈ మనిషి టీ తెప్పిస్తాడని నాకు రెండో టీ దగ్గరే అర్థమైంది.

"టీ వద్దు నాయనా. అడిగింది చెప్పు," అన్నాను. "సుబ్బయ్య చచ్చిపోయిన పొద్దు ఆ మోటారును ఎవరు ఆన్ చేసినారు?"

"పోలీసోళ్లకు చెప్పేసినా కదా మేడం. మహేష్ నంబరు నుంచి కమాండ్ వచ్చింది. క్లౌడ్‌లో ఉండాది."

"క్లౌడ్ అంటే ఏంది?"

"క్లౌడ్ అంటే... మబ్బు మేడం."

నాకు యాభై ఎనిమిదేళ్లు. ఉద్యోగమంతా ఒక బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేయడంలోనే గడిచింది. కాలిన గోడౌన్లు చూశాను, మునిగిన లారీలు చూశాను, బతికున్న మనుషుల చావులు కూడా చూశాను. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ డిటెక్టివ్ పని పెట్టుకున్నాను. అబద్ధం చెప్పేవాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాదు, అది వాళ్ల అవసరం. తెలియని మాటను తెలిసినట్టు చెప్పేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. నంద్యాలలో ఈ కొట్టుకొచ్చి గంటయింది, గంట నుంచీ మండుతూనే ఉంది.

కేసు పైకి చూడటానికి చాలా తేలిక. ఆళ్లగడ్డ దాటాక అహోబిలం రోడ్డులో ఒక పల్లె. అక్కడ సుబ్బయ్య అనే రైతు పోయిన గురువారం పొద్దున తన పొలంలో, మోటారు స్టార్టరు మీద చెయ్యి పెట్టి, కరెంటు కొట్టి చనిపోయాడు. ఆ మోటారుకు వేణుమాధవ్ అమ్మిన 'నీటిగంట' పెట్టె బిగించి ఉంది. అందులో ఒక సిమ్ కార్డు ఉంటుంది. యజమాని ఎక్కడున్నా ఆ నంబరుకు ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది, మళ్లీ చేస్తే ఆఫ్. కరెంటు పోయి వచ్చినా ఆఫే. సుబ్బయ్య చనిపోయిన వేళకు, నంద్యాలలో ట్రాక్టరు షోరూములో పనిచేసే అతని తమ్ముడు మహేష్ ఫోన్ నుంచి 'ఆన్' వెళ్లింది. అన్నదమ్ములకు పొలం భాగాల దగ్గర పడదు. వాళ్ల కేకలు ఊరంతా విన్నారు. అన్న స్టార్టరులో చెయ్యి పెట్టాడని తెలిసే తమ్ముడు మోటారు వేశాడని, ఇది హత్యేనని సీఐ ఫిలిప్ తేల్చేశాడు.

నన్ను పిలిచింది చనిపోయినవాడి భార్య జానకమ్మ. పదేళ్ల వయసు నుంచి మహేష్‌కు అన్నం పెట్టి పెంచింది ఆమే. మొగుణ్ణి పోగొట్టుకున్నదే వచ్చి మరిదిని కాపాడమంటే నేను కాదనలేకపోయాను. ఈ మధ్యాహ్నం మహేష్‌ను కోర్టులో హాజరు పరుస్తారు. అక్కడి నుంచి జైలుకే.

"మబ్బు సంగతి వదిలెయ్. నీ పెట్టె ఏం చేస్తుందో మామూలు మాటల్లో చెప్పు."

వేణుమాధవ్ కుర్చీలో సర్దుకున్నాడు. ఇది అతనికి కంఠతా వచ్చిన పాఠం. "ఇది ఐఓటీ మేడం. ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్. వస్తువులన్నీ నెట్‌లో వాటంతట అవే మాట్లాడుకుంటాయి."

ఆ అన్నదమ్ములు మాట్లాడుకోక మూడు నెలలైంది. వాళ్ల మోటారు మాత్రం ఊరంతటితో మాట్లాడుతోందన్నమాట.

"పెట్టెలో సెన్సార్ ఉంటాది. కరెంటు ఉండాదా, మోటారు ఎంత లాగుతాంది, అది చూస్తాది. యాక్చుయేటర్ ఉంటాది, అది మీట నొక్కుతాది. మధ్యలో సిమ్. సిమ్ నుంచి కంపెనీ క్లౌడ్‌కు, క్లౌడ్ నుంచి ఇదో, నా డ్యాష్‌బోర్డ్‌కు," అని గోడ మీది పెద్ద టీవీ చూపించాడు.

"అంటే చూసే కన్ను ఒకటి, చేసే చెయ్యి ఒకటి, వినే చెవి ఒకటి."

"అంతే మేడం. శానా బాగా చెప్పినారు."

"బాగుంది. మహేష్ ఆన్ చెయ్యమన్నాడని చెవి విన్నట్టు పోలీసులకు ఇచ్చినావు. చెయ్యి చేసినట్టు, కన్ను చూసినట్టు ఇచ్చినావా?"

అతను బయటికి చూసి, "రేయ్, టీ ఏమాయ?" అన్నాడు.

"నాలుగో టీ తెప్పిస్తే లేచి పోయి సీఐ పక్కన కూచుంటా. మోటారు ఆ పొద్దు ఎంత కరెంటు లాగిందో చూపించు."

చూపించడానికి పాస్‌వర్డ్ కావాలన్నాడు. పాస్‌వర్డ్ కొట్టాక ఓటీపీ వస్తుందన్నాడు. ఓటీపీ అతని ఫోన్‌కు కాదు, అతని భార్య సుష్మ ఫోన్‌కు వస్తుందట, కొట్టు ఆమె పేరు మీద ఉంది కాబట్టి. సుష్మ వాళ్ల అక్క ఇంట్లో వ్రతంలో ఉంది. రెండుసార్లు ఫోన్ ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "కథ చెప్తాండారు, మళ్లా చెయ్యి," అని పెట్టేసింది. ప్రపంచంలోని వస్తువులన్నీ మాట్లాడుకుంటున్నాయి గానీ ఒక మొగుడూ పెళ్లామూ నాలుగు అంకెలు చెప్పుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

చివరికి తెర తెరుచుకుంది. గురువారం పొద్దున, మహేష్ నంబరు, 'ఆన్ ఆదేశం అందింది'. దాని పక్కనే మోటారు లాగిన కరెంటు గడి. అందులో సున్నా ఉంది. ఆ తరవాత కూడా సున్నాలే.

"ఈ గడి సీఐకి ఎందుకు ఇయ్యలే?"

"ఆయన అడగలే మేడం."

"సున్నా అంటే మోటారు తిరగలేదని కదా?"

"అట్లని కాదు. నెట్‌వర్క్ పోయింటాది, సెన్సార్ డేటా వచ్చిండదు."

"నెట్‌వర్క్ లేకపోతే ఆన్ అన్న మాట ఎట్ల వచ్చింది? చెవికి నెట్‌వర్క్ ఉండి, కంటికి లేదా?"

వేణుమాధవ్ నుదురు తుడుచుకున్నాడు. ఏసీ నడుస్తూనే ఉంది. ఇతను దేనికో భయపడుతున్నాడు, ఆ భయం మహేష్ గురించి మాత్రం కాదని నాకప్పుడు తెలిసింది. మహేష్ గురించైతే ఇతనికి బాధే లేదు, పోలీసులకు దొరికిన మనిషి దొరికాడు.

నేను లేచి టీవీ దగ్గరికి వెళ్లాను. జిల్లా పటం మీద చుక్కలు. పచ్చ చుక్కంటే పెట్టె ఆన్‌లైన్‌లో ఉన్నట్టు, ఎర్ర చుక్కంటే పోయినట్టు. ఎర్రది ఒక్కటీ లేదు.

"చూడండి మేడం, జిల్లా అంతా పచ్చగా ఉండాది," అన్నాడు వెనక నుంచి. ఆ గొంతులో గర్వం తన్నుకొచ్చింది, అంత భయంలోనూ. "నూటికి నూరు ఆన్‌లైన్. రాష్ట్రంలోనే ఫస్టు నేను."

"సుబ్బయ్య మోటారు ఏది?"

ఆళ్లగడ్డ దగ్గర ఒక చుక్క మీద వేలు పెట్టాడు. అదీ పచ్చగానే ఉంది.

నా వేలు కూడా అక్కడే ఆగిపోయింది. మా వైపు ఏ రైతయినా మోటారు మీద చెయ్యి వేసే ముందు చేసే పని ఒకటుంది. స్తంభం మీది బోర్డులోంచి మూడు ఫ్యూజులూ పీకుతాడు. ఫీజులనే అంటాం మేము. పింగాణీవి, పిడికిట్లో పడతాయి. వాటిని తువ్వాలులో మూట కట్టి నడుముకు చుట్టుకుంటాడు. పని లేనప్పుడూ అంతే, పక్కచేనివాడు తన మోటారుతో నీళ్లు పెట్టుకోకుండా వాటిని ఇంటికే తీసుకుపోతాడు. ఫీజులు తన నడుముకు ఉన్నంతసేపు ఆ మోటారుకు కరెంటు ఇవ్వడం ఎవడి వల్లా కాదు. అది వాళ్ల నమ్మకం, ఆ నిమిషందాకా నాదీ.

ఈ పొద్దున జానకమ్మ ఫోన్‌లో నాతో చెప్పిన మాట అదే. ఆసుపత్రివాళ్లు మొగుడి బట్టలు ఇస్తే వాటితోపాటు తువ్వాలు మూట వచ్చింది. విప్పితే మూడు ఫీజులు.

"వేణుమాధవ్, నీ పెట్టెలో బ్యాటరీ ఉందా?"

"లేదు మేడం. అందుకే మా ధర తక్కువ."

"రైతు ఫీజులు పీకితే పెట్టె ఆరిపోవాల కదా."

"మొదట్లో అదే తలనొప్పి. కరెంటు ఉన్నా ఫీజులు పీక్కొని పోతారు ఈళ్లు. పగలంతా మ్యాపు ఎర్రగా ఉంటాండె. ఆఫ్‌లైన్ ఉంటే కంపెనీ నా కమీషన్ కోస్తాండె. ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఇప్పుడా బాధ లేదు లెండి, అప్‌డేట్ చేసినాం."

"ఫోన్‌లో చేసే అప్‌డేటా, పొలానికి పోయి చేసే అప్‌డేటా?"

అతను మళ్లీ టీ కోసం బయటికి చూశాడు. టీ వచ్చేసరికి నేను అక్కడ లేను.

*

దారి గురించి చెప్పడానికేమీ లేదు. ఎండ, నా పాత కారు, నా ముందు గడ్డి ట్రాక్టరు. దాన్ని దాటడానికి దారి దొరకలేదు, దాని డ్రైవరుకు వినపడే చెవీ లేదు. పొలం చేరేసరికి సీఐ ఫిలిప్ జీపు అప్పటికే గట్టు పక్కన ఉంది. కోర్టుకు తీసుకెళ్లేముందు మహేష్‌తో చోటు చూపించుకోవడానికి వచ్చారు. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య మహేష్ నిలబడ్డాడు. మనిషి నాలుగు రోజుల్లో సగమయ్యాడు. కొంచెం దూరంలో జానకమ్మ తువ్వాలు మూటను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఫిలిప్ నన్ను చూసి జీపు మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. ఈయనకూ నాకూ ఇది మూడో కేసు. చురుకైనవాడే, లంచగొండి కాదు, కానీ ఒకసారి ఒక మాట అనుకున్నాడంటే దేవుడొచ్చి చెప్పినా మార్చుకోడు.

"సరస్వతమ్మ మేడం, మళ్లీ మీరేనా? ఈసారి బీమా ఏం లేదు కదా."

"మహేష్‌ను ఒక్క మాట అడగనియ్యండి సార్. మీ ముందే అడుగుతా."

"అడగండి. కథలు బాగా చెప్తాడు."

మహేష్ దగ్గరికి వెళ్లాను. "ఆ పొద్దు ఎందుకు ఆన్ చేసినావప్పా?"

"ఆ పొద్దే కాదు మేడం, రోజూ నేనే చేస్తా," అన్నాడు నేల చూస్తూ. "కరెంటు వచ్చే టైముకు నంద్యాల నుంచి ఆన్ చేస్తా. మడి తడిసినాక అన్న ఈడ ఆఫ్ చేస్తాడు. ఆఫ్ చేస్తే నా ఫోనుకు మెసేజ్ వస్తాది. మూణ్ణెల్ల నుంచి మా మాటలు అంతే. ఆఫ్ మెసేజ్ వస్తే అన్న చేన్లో ఉండాడు, బాగుండాడు అనుకుంటాంటి."

"గురువారం?"

"రాలే. మధ్యాన్నం దాకా చూసినా. కోపంగా ఉండాడేమో అనుకున్నా."

జానకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆన్ చేసినప్పుడు పెట్టె పలికిందా?"

"పలికింది మేడం. ఎప్పటిమాదిరే, మీ మోటారు ఆన్ అయిందని చెప్పింది."

"విన్నారా మేడం?" అన్నాడు ఫిలిప్. "వాడే ఒప్పుకుంటాండాడు. పెట్టె పలికిందంటే ఆన్ అయినట్టే."

"సార్, ఆ పెట్టె లోపల ఏముందో..."

"నాకు పాఠం చెప్పొద్దు. పోయిన నెలే బండి ఆత్మకూరులో మా నాయన మోటారుకు ఇదే పెట్టించినా, ఆ వేణుమాధవ్ దగ్గరే. దాని సంగతంతా నాకు తెలుసు."

"తెలిస్తే మంచిదే. ఇవి చూడండి." జానకమ్మ చేతిలోంచి మూట తీసుకుని విప్పి ఆయన అరచేతిలో పెట్టాను. మూడు ఫీజులు. "సుబ్బయ్య నడుముకు ఉన్నాయి ఇవి. ఇవి నడుముకు ఉండంగా మోటారు ఎట్ల ఆన్ అవుతుంది?"

ఫిలిప్ వాటిని చూసి నవ్వాడు. "ఇది నేను అనుకున్నదే. ఫీజులు లేకుంటే పెట్టెకు కరెంటు లేదు. కరెంటు లేకుంటే పెట్టె పలకదు. ఆ పొద్దు పెట్టె పలికింది. అంటే ఫీజులు బోర్డులోనే ఉన్నాయి. తరవాత పీకి తువ్వాలులో కట్టినారు." జానకమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, మరిది మీద ప్రేమ ఉండొచ్చు. సాక్ష్యం మార్చితే నువ్వు కూడా లోపలికి పోతావు."

"నేను పీకలే సార్," అంది జానకమ్మ. "మా ఇంటాయన ఫీజులు పీకకుండా మోటారు ముట్టుకున్న రోజు లేదు. మా మరిది ముట్టినా ఒప్పుకునేటోడు కాదు."

"చెప్పేదానికేం, ఎన్నైనా చెప్తారు."

నాకు అరవాలనిపించింది. అంతలో ఆయన ఫోన్ మోగింది. పేరు చూసి ముఖం చిట్లించి ఎత్తాడు. అవతల ముసలి గొంతు ఎంత గట్టిగా ఉందంటే, స్పీకరు పెట్టకుండానే మా అందరికీ వినిపించింది.

"అప్పా, మోటారు గుర్రుమంటాంది గానీ నీళ్లు ఎత్తలేదప్పా. ఒక ఫేజు లూజు అయినట్టుండాది. ఆ నంద్యాలోణ్ణి పంపిస్తావా?"

"నాయనా, నేను పనిలో ఉండా. పొద్దున్నుంచి ఇది మూడోసారి నువ్వు చేసేది."

"మడి ఎండుతాంది కదప్పా."

"ఎవరికోసమూ చూడొద్దు. ఫీజులు పీకి నువ్వే బిగించుకో. ఇన్నేళ్లు చేసుకోలేదా?" అని పెట్టేసి, "ముసలాయనకు రొంత కూడా ఓపిక లేదు," అన్నాడు మాతో. ఓపిక ఎవరికి లేదో చెప్పేదాన్నే, టైము లేక ఊరుకున్నాను.

"సరే సార్," అన్నాను. "మీరు చెప్పిన మాటే పట్టుకుందాం. ఫీజులు లేకుంటే పెట్టె పలకదు. అంతే కదా?"

"అంతే."

"బోర్డు దగ్గరికి రండి."

స్తంభం మీది ఇనుప తలుపు తీశాను. ఫీజులు పెట్టే మూడు గాళ్లూ ఖాళీ. ఆ గాళ్లలో ఉండాల్సినవి మూడూ సీఐ చేతిలోనే ఉన్నాయి. లోపల సాలీడు గూడు కూడా కట్టింది.

"మోటారుకు ఇప్పుడు ఫీజులు లేవు. మీరే చూసినారు, మీ మనుషులూ చూసినారు. సీజు చేసిన మహేష్ ఫోన్ మీ జీపులో ఉంది కదా. దాంతో పెట్టెకు ఫోన్ చేయండి. అన్నదమ్ముల రెండు నంబర్లకే అది పలుకుతుంది. సుబ్బయ్య ఫోన్ ఆ పొద్దే బురదలో పడి పాడైంది. అందుకే ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ పిలవలేదు."

"టైము వేస్టు."

"కోర్టు టైముకు ఇంకా గంటుంది. ఒక ఫోన్‌కు ఎంతసేపు?"

విసుగ్గా కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. కవరులోంచి ఫోన్ వచ్చింది. మహేష్ లాక్ ప్యాటర్న్ చెప్పాడు. ఫిలిప్ నంబరు నొక్కి, మేమందరం వినాలని స్పీకరు పెట్టాడు. పెట్టె పలకదని, నన్ను అందరి ముందూ నవ్వులపాలు చేయొచ్చని అనుకున్నాడు.

రింగయింది.

ఒకసారి, రెండుసార్లు. తరవాత ఒక అమ్మాయి గొంతు తీయగా పలికింది. "నీటిగంటకు స్వాగతం. మీ మోటారు ఆన్ అయింది. ధన్యవాదాలు."

మోటారు మా ముందే ఉంది. కదల్లేదు, మెదల్లేదు. పైపు నోట్లో చుక్క నీరు లేదు.

"ఇదిగో సార్ మీ సాక్షి," అన్నాను. "మీ చేతిలో ఫీజులు పెట్టుకుని మోటారు ఆన్ అయిందని చెప్తాంది. గురువారం కూడా ఇదే చెప్పింది. ఆదేశం అందడం వేరు, మోటారు తిరగడం వేరు. తిరిగిందా లేదా అని చూసే గడిలో సున్నా ఉంది. వేణుమాధవ్ మీకు అది ఇయ్యలేదు, మీరు అడగలేదు."

ఫిలిప్ అరచేతిలోని ఫీజులనే చూస్తున్నాడు. "దీనికి కరెంటు యాడ నుంచి వస్తాంది మరి?"

నేను సంచిలోంచి టెస్టరు తీశాను. బీమా రోజుల నుంచీ నాతోనే ఉంది. ముందు బోర్డు వెనకకు వెళ్లి చూశాను. ఫీజుల గాళ్లకు పైన, స్తంభం నుంచి దిగే లైను దగ్గర, కొత్త తీగ ఒకటి కట్టి ఉంది. ప్లాస్టిక్ పైపులో దూరి, గోడ వెంట దిగి, స్టార్టరు డబ్బాలోకి పోయింది. పైపు మీద దుమ్ము కూడా పట్టలేదు. ఈమధ్యే చేసిన పని. డబ్బా తలుపు తెరిచాను. అడుగున మూడు బోల్టులు. పెట్టెకు కరెంటు అందించే బోల్టు వాటిలో ఒకటి. ఆ కొత్త తీగ సరిగ్గా దానికే చుట్టి ఉంది.

టెస్టరు మొన దాని మీద ఆనించాను. పిడిలో ఎర్రలైటు వెలిగింది.

"సుబ్బయ్య చెయ్యి యాడుండె సార్ ఆ పొద్దు?"

ఫిలిప్ చూపుడు వేలు పైకెత్తాడు. ఆ వేలు ఆ బోల్టునే చూపించింది. బొటనవేలి మీద కాలిన మచ్చ ఆయనే పంచనామాలో రాయించాడు.

"రైతులు ఫీజులు పీకితే పెట్టె ఆరిపోతాంది, మ్యాపు ఎర్రగా అయిపోతాంది. అది ఆరకుండా ఫీజుల కంటే ముందు నుంచే తీగ లాగినారు. రైతుకు ఒక్క మాట చెప్పకుండా. సుబ్బయ్య తనకు తెలిసిన జాగ్రత్తంతా పడినాడు. ఫీజులు మూడూ పీకినాడు, నడుముకు కట్టుకున్నాడు, లూజు అయిన బోల్టు బిగిద్దామని తడి నేల మీద నిలబడి చెయ్యి పెట్టినాడు. తమ్ముడి ఫోన్‌కూ ఆ చావుకూ సంబంధం లేదు. ఆ ఫోన్ వచ్చినా రాకున్నా ఆ బోల్టులో కరెంటు ఉంది."

మహేష్ గట్టు మీద కూలబడి ఏడ్చాడు. కానిస్టేబుళ్లు లేపబోయి, సీఐ ముఖం చూసి ఆగారు.

ఆ ముఖం తెల్లగా పాలిపోయింది. నేను ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. వేణుమాధవ్‌కు గురువారమే ఇదంతా తెలుసని, తెలిసే సగం సమాచారం ఇచ్చాడని, ఈ తీగ అతని మనుషులే కట్టారని. ఫిలిప్ అవేవీ వినే స్థితిలో లేడు. తన ఫోన్ తీసి, నొక్కి, చెవికి పెట్టుకున్నాడు.

"ఎత్తడం లేదు," అన్నాడు. "నాయన ఎత్తడం లేదు."

అప్పుడు నాకు తట్టింది. ఒక ఫేజు లూజు. ఫీజులు పీకి నువ్వే బిగించుకో.

"ఎత్తకపోతే వదిలెయ్యండి. సబ్‌స్టేషన్‌కు చెయ్యండి. ఆ పొలాలకు కరెంటిచ్చే ఫీడరే తీయించండి," అన్నాను.

ఆయన మళ్లీ తండ్రికే చేశాడు. మళ్లీ మోగింది, ఎత్తలేదు. ఫోన్ చేతిలోంచి లాక్కుందామా అనుకున్నాను. నా కేక ఆ పొలంలో ఎంత దూరం పోయిందో తెలియదు. "సార్, సబ్‌స్టేషన్."

ఈసారి చేశాడు. అవతల ఆపరేటరు ఏ ఫీడరు అని అడిగాడు. ఫిలిప్‌కు తెలియదు. "బండి ఆత్మకూరు వైపు ఉండేవన్నీ తీసెయ్. ఆర్డరు నేనిస్తా, తరవాత రాసిస్తా, ముందు తీసెయ్," అని అరిచాడు. తరవాత తన ఫోన్‌లో నీటిగంట యాప్ తెరిచాడు. 'నాయన మోటారు' అన్న పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఫీజులు పీకి ఉంటే అది ఆరి ఉండాలి. ఆరలేదు. ముసలాయన ఇంకా పీకలేదా? పీకినా వెలుగుతోందా? తెరను చూస్తే ఏదీ తెలియదు. ఇంత తెలివైన పెట్టె ఆ ఒక్క సంగతి మాత్రం చెప్పదు.

చుక్క ఎర్రగా మారింది.

ఫిలిప్ మళ్లీ తండ్రికి చేశాడు. స్పీకరు తనకు తెలియకుండానే పెట్టాడు. చాలాసేపు మోగాక ఎవరో ఆడమనిషి ఎత్తింది. "ఎవరప్పా? ఫోను గట్టు మీద ఉండాది. పుల్లయ్య పెదనాయన మోటారు కాడ ఉండాడు. ఉండు, చూస్తా."

అడుగుల చప్పుడు. నీళ్లలో నడుస్తున్న చప్పుడు. జానకమ్మ లేచి వచ్చి మా పక్కన నిలబడింది. తన మొగుణ్ణి చంపాడని మరిదిని లాక్కెళ్లిన మనిషి పక్కన నిలబడి, ఆ ఫోన్ వైపే చూస్తోంది.

"ఏందప్పా?" పుల్లయ్య గొంతు. మండిపడుతున్న గొంతు. "నన్ను చూసుకోమంటివి, నేను చూసుకుంటాంటే మళ్లా నువ్వే ఫోను చేస్తాండావు."

"నాయనా," అన్నాడు ఫిలిప్. "ఆడ నుంచి లేయి నాయనా. లేసి దూరంగా పో."

"నీకేమన్నా తిక్కనా? ఫీజులు నా నడుముకే ఉండాయి. బోల్టు మీద స్పానర్ పెట్టేతలికి రొంత జిల్లుమనింది. పాత స్పానర్ కదా అని ఇంటికాడ నుంచి వేరేది తెమ్మని పంపినా. అంతలో కరెంటు పోయిందంటాండారు. ఇంకేం, ఇప్పుడు ఉత్త చేత్తోనే..."

"ముట్టుకోవద్దు నాయనా. నీ కాళ్లు పట్టుకుంటా, ముట్టుకోవద్దు."

అవతల ముసలాయన ఏదో గొణిగాడు. కొడుకు ఏడుస్తున్నాడని అర్థమై గొంతు తగ్గించాడు. "సరేలేప్పా. ముట్టుకోను. లేస్తాండా."

ఫోన్ పెట్టేశాక ఫిలిప్ గట్టు మీద మహేష్ పక్కనే కూర్చున్నాడు. సుబ్బయ్య ఫీజులు ఇంకా ఆయన పిడికిట్లోనే ఉన్నాయి. కాసేపటికి వాటిని జానకమ్మకు ఇచ్చి, మహేష్ భుజం మీద చెయ్యి వేశాడు. "కోర్టుకు పోయేది నువ్వు కాదులే," అన్నాడు. అంతకంటే క్షమాపణ ఆ మనిషి నుంచి నేను ఎదురు చూడలేదు. వేణుమాధవ్‌ను పట్టుకురమ్మని నంద్యాలకు ఫోన్ చేశాడు. కొట్టుకు తాళం వేసి ఉందని, అతని ఫోన్ స్విచాఫ్ అని జవాబొచ్చింది.

వెంటనే సబ్‌స్టేషన్ నుంచి ఫోన్. ఆపరేటరు గొంతులో కంగారు. "సార్, రైతులు మీదికొస్తాండారు. మడులు ఎండుతాండాయంటాండారు. ఇంకో పది నిమిషాల్లో లైను ఇచ్చేస్తాం, ఆపలేం."

జానకమ్మ మొగుడి ఫీజులను మళ్లీ తువ్వాలులో మూట కట్టింది. ముడి వేస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"సార్, ఈ పెట్టెలు ఆయప్ప ఇంకా ఎంతమందికి పెట్టినాడు?"

ఫిలిప్ నా వైపు చూశాడు. చెప్పాల్సింది నేనే. ఆ గోడ మీది టీవీని చూసింది నేనే. బండి ఆత్మకూరు నుంచి గోస్పాడు దాకా, ఇటు అహోబిలం అడవి అంచు దాకా, ఎర్రచుక్క ఒక్కటీ లేదు. జిల్లా అంతా పచ్చగా ఉంది.